మొదటి షాట్ ఎప్పుడూ ఎడమకే: నాకు ఏ ఫుల్ సైజ్ సర్వీస్ పిస్టల్ సరిపోతుంది?

చిన్నపిడికిలి:

అందరికీ నమస్కారం. తొమ్మిది నెలలుగా రేంజ్‌కి వెళ్తున్నాను. ఇప్పటిదాకా అద్దె పిస్టళ్లతోనే కాల్చాను, ఇక సొంతానికి ఒకటి తీసుకుందామని ఉంది. ఫుల్ సైజ్, 9 ఎంఎం, కేవలం టార్గెట్ కోసం. చేత్తో పట్టి కాల్చి చూసినవి మూడు: గ్లాక్ 17, బెరెట్టా 92ఎఫ్‌ఎస్, సిగ్ పి226. సీజెడ్ 75బి గురించి వినడమే తప్ప పట్టుకోలేదు.

నా చెయ్యి చిన్నది. బెరెట్టాతో పది మీటర్ల నుంచి పది కాలిస్తే తొమ్మిది ఒక్కచోటే పడతాయి, అరచేతితో మూసెయ్యొచ్చు. మొదటిది మాత్రం ప్రతిసారీ కిందికి, ఎడమకి పోతుంది. గడియారంలో ఏడు అంకె ఉండేచోట అనుకోండి. హ్యామర్ (వెనక ఉండే, ఫైరింగ్ పిన్నుని కొట్టే సుత్తి) ముందే వెనక్కి లాగిపెట్టి మొదలుపెడితే అదీ వచ్చి మిగతావాటితో చేరుతుంది. పి226తోనూ ఇదే కథ, కాకపోతే కాస్త తక్కువ. గ్లాక్‌తో మొదటి షాట్ తేడా లేదు గానీ, పైకెత్తగానే ఫ్రంట్ సైట్ (ముందు కొసన గురి చూసే ముక్క) టార్గెట్ మీదికి కాకుండా ఆకాశంలోకి చూస్తుంది.

మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయి, బరువెంత అనేవి ఎక్కడైనా దొరుకుతాయి. ఏళ్లుగా ఒకే పిస్టల్ వాడుతున్నవాళ్లు, దాంట్లో మీకు నచ్చిందేమిటో చెప్పండి.

నల్లస్లైడు:

గ్లాక్ 17. ఇంకేం ఆలోచించకండి.

మొదటి షాట్‌కీ పదిహేడో షాట్‌కీ ట్రిగ్గర్ ఒకటే, రెండున్నర కిలోలకి అటూ ఇటూ. హ్యామర్ లేదు, డీకాకర్ (లేచిన హ్యామర్‌ని కాల్చకుండా దించే మీట) లేదు, బొటనవేలికి పనే లేదు. అంతకుముందు తుపాకీ అన్నదే తయారుచెయ్యని గాస్టన్ గ్లాక్ దీన్ని తెస్తే 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. నాకిప్పటికీ అది అబ్బురమే. మ్యాగజైన్‌తో కలిపినా ఖాళీది ఏడు వందల గ్రాముల దగ్గరే ఉంటుంది. రెండు వందల రౌండ్లు కాల్చిన రోజు ఆ తేలిక విలువ మీ మోచేతికి తెలుస్తుంది.

సైట్ పైకి చూడటం పిడి వాలు వల్ల. మిగతావాటికన్నా ఇది ఎక్కువ వాలి ఉంటుంది, బెరెట్టాకి అలవాటుపడ్డ మణికట్టుకి తెలియదు పాపం. మణికట్టుని కొంచెం ముందుకి వంచి లాక్ చెయ్యండి, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. జెన్ 4 (నాలుగో తరం మోడల్) నుంచి బ్యాక్‌స్ట్రాప్‌లు (పిడి వెనక తగిలించే తొడుగులు) విడిగా వస్తున్నాయి. అవేవీ తగిలించకపోతే పిడి చిన్నదే.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. దీన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. కాబట్టి మ్యాగజైన్ తీసి, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) లాగి, చాంబర్‌లోకి (రౌండ్ కూర్చునే చోటు) కంటితో చూసి, వేలు పెట్టి చూసి, అప్పుడే నొక్కాలి. రోజూ చేసే పనే కదా అని ఒక్కసారి కూడా వదిలెయ్యకూడదు.

వాల్‌నట్‌పిడి:

నల్లస్లైడు గారు చెప్పింది నిజమే. కానీ మీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. హ్యామర్ లాగిపెట్టి మొదలుపెడితే మొదటి షాట్ మిగతావాటితో చేరుతోంది అన్నారు. అంటే మీ గురి బాగుంది, ఫ్రంట్ సైట్ చూడటం బాగుంది. వేలు అందట్లేదు, అంతే.

డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్‌ని ట్రిగ్గరే లేపి కాల్చాల్సినప్పుడు, ట్రిగ్గర్ బాగా ముందుకి ఉంటుంది. దాన్ని అందుకోవడానికి మీకు తెలియకుండానే చేతిని పిడి చుట్టూ తిప్పుతున్నారు. అయినా వేలి కొసే తగులుతుంది. అయిదు కిలోలకి పైన ఉన్న లాగుడుని ఆ కొసతో లాగేసరికి పిస్టల్ ఎడమకి ఒరుగుతుంది, మిగతా వేళ్లూ బిగుసుకుని ముక్కుని కిందికి దించుతాయి. ఒక షాట్ కాలి హ్యామర్ లేచాక ట్రిగ్గర్ వెనక్కి వచ్చేస్తుంది, వేలు హాయిగా ఆనుతుంది. మీ తొమ్మిదీ ఒక్కచోట పడటానికి కారణం అదే.

నా దగ్గర పద్దెనిమిదేళ్లుగా సీజెడ్ 75బి ఉంది. దాని సేఫ్టీ ఫ్రేమ్ (స్లైడ్ కింద ఉండే కదలని భాగం) మీద ఉంటుంది. హ్యామర్ లేచి ఉండగానే సేఫ్టీ వెయ్యొచ్చు, బొటనవేలితో కిందికి దించితే మొదటి షాట్ నుంచే సింగిల్ యాక్షన్, అంటే లేచి ఉన్న హ్యామర్‌ని వదలడమే ట్రిగ్గర్ పని. 92ఎఫ్‌ఎస్‌లో సేఫ్టీ వేస్తే హ్యామర్ కూడా పడిపోతుంది. మామూలు పి226లో డీకాకర్ తప్ప సేఫ్టీయే లేదు. మీ చేతికి ఈ తేడా చాలా పెద్దది.

ఇక నాకెందుకు ఇష్టమంటే, ఆ స్లైడ్. చాలా పిస్టళ్లలో స్లైడ్ ఫ్రేమ్‌ని బయటి నుంచి కప్పుకుని జారుతుంది. 1975లో వచ్చిన ఈ పిస్టల్‌ని చెకోస్లొవేకియాలో కౌట్స్కీ సోదరులు గీసినప్పుడు స్లైడ్‌ని ఫ్రేమ్ పట్టాల లోపల నడిపించారు. అందువల్ల అది చేతి మీద బాగా కిందుగా కూర్చుంటుంది. ఉక్కు ఫ్రేమ్, ఖాళీగానే కిలో. కాల్చినప్పుడు ముక్కు లేస్తుంది, వెంటనే మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుంటుంది.

శుభ్రం చేసే రోజంటే నాకు ఇప్పటికీ సరదా. వెనక ఎడమవైపు స్లైడ్ మీద ఒక గీత, ఫ్రేమ్ మీద ఒక గీత ఉంటాయి. స్లైడ్‌ని కాస్త వెనక్కి నెట్టి రెండు గీతలూ కలిపి పట్టుకుని, కుడివైపు పొడుచుకొచ్చిన పిన్ను కొసని మ్యాగజైన్ అడుగుతో చిన్నగా తడితే స్లైడ్ స్టాప్ ఊడి చేతిలోకొస్తుంది. నా దాంట్లో సేఫ్టీ మీద, బొటనవేలు ఆనే చోట నల్లరంగు అరిగి కింది ఉక్కు తెల్లగా తేలింది. ఆ మచ్చ పూర్తిగా నా వేలు చేసిందే.

ఇబ్బందులూ చెప్పాలి. స్లైడ్ లోపలికి ఉండటంతో లాగడానికి చేతికి దొరికేది తక్కువ, చెమట చేతులకి జారుతుంది. 75బికి డీకాకర్ లేదు. చాంబర్‌లో రౌండ్ ఉండగా హ్యామర్ దించాలంటే బొటనవేలితో పట్టుకుని దించాలి. మీరు ఆ పని పెట్టుకోకండి, కాల్చడం ఆపితే అన్‌లోడ్ చేసెయ్యండి. ఇంట్లో ఖాళీ ట్రిగ్గర్ సాధన చేసేటప్పుడు డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి రౌండ్లు) వాడండి. ఫైరింగ్ పిన్నుని ఆపే చిన్న పిన్ను ఖాళీ దెబ్బలకి విరుగుతుంది.

మూడోవరస:

పి226 మనిషిని నేను. 1984లో అమెరికా సైన్యం పెట్టిన పరీక్షల్లో చివరిదాకా నిలిచింది బెరెట్టా, ఇదీ రెండే. మొత్తం ప్యాకేజీ ధర తక్కువని బెరెట్టాని తీసుకున్నారు, ఆ సైన్యంలో దాని పేరే 1985 నాటి ఎం9. నాకు నచ్చేది డీకాకర్ ఉన్నచోటు. పట్టు మార్చకుండానే బొటనవేలి కిందికి వస్తుంది. దీనికి షార్ట్ రీచ్ ట్రిగ్గర్ అని ఇంకొక ముక్క దొరుకుతుంది, వేలికి కాస్త దగ్గరవుతుంది. వదిలేసే ముందు అది వేసింది ఒకటి పట్టి చూడండి.

చిన్నపిడికిలి:

మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. షార్ట్ రీచ్ ట్రిగ్గర్ వేసిన పి226 దొరికింది. మొదటి షాట్ నిజంగానే దగ్గరికొచ్చింది, కానీ గుంపులో కలవలేదు. మర్నాడు క్లబ్‌లో ఒకరు వాళ్ల 75బి ఇచ్చారు. హ్యామర్ పైకి, సేఫ్టీ కిందికి, పది షాట్లు. కాగితం దగ్గరికి వెళ్లి చూస్తే ఏది మొదటిదో చెప్పలేకపోయాను. అక్కడే నిలబడిపోయాను కాసేపు.

స్లైడ్ మాత్రం మీరన్నట్టే జారింది. రెండు వేళ్లతో గిల్లినట్టు కాకుండా అరచెయ్యంతా పైనుంచి కప్పి లాగితే వచ్చింది.

తీసేసుకున్నాను. అయిదు డమ్మీ రౌండ్లు కూడా. వాల్‌నట్‌పిడి గారూ, దీని పిడికి రెండు పక్కలా సన్నటి అల్యూమినియం పలకలు వేస్తే వేలు ఇంకొంచెం లోపలికి వస్తుందా?

వాల్‌నట్‌పిడి:

వస్తుంది. ఒక్కో పక్క ఒకటే స్క్రూ, పది నిమిషాల పని. కానీ ముందు ఒక అయిదు వందల రౌండ్లు ఉన్న పలకలతోనే కాల్చండి, పిడిలో ఏ చోటు మీ చేతికి అడ్డమొస్తోందో అప్పుడు తెలుస్తుంది. మొదటి కాగితం పారెయ్యకండి, తేదీ వేసి దాచుకోండి.