ఇన్నర్ చైల్డ్ గాయాలు మానితేనే జీవిత లక్ష్యం తెలుస్తుందా?

సందెవెలుగు:
ఈమధ్య ఒక హీలింగ్ వర్క్‌షాప్‌కి వెళ్లాను. మనలో ఉండిపోయిన చిన్నపిల్లకి, అంటే ఇన్నర్ చైల్డ్‌కి, అప్పట్లో తగిలిన దెబ్బలు మానితే గానీ మనం దేనికోసం బతుకుతున్నామో తెలియదన్నారు. రోజూ చిన్నప్పటి నాకు కుడిచేత్తో ఉత్తరం రాయాలి, ఆ పిల్ల జవాబు ఎడమచేత్తో రాయాలి. రాస్తుంటే ఏడుపొస్తోంది, తర్వాత కాస్త తేలిగ్గానే ఉంటోంది. లక్ష్యం మాత్రం జాడ లేదు. మీలో ఎవరికైనా దొరికిందా?

గడపదాటనివాడు:
ఎడమచేత్తో రాస్తే అక్షరాలు వంకర్లు పోతాయి. వంకరగా ఉన్నాయి కాబట్టి లోపలి పిల్లే రాసిందని నమ్మేస్తాం. అంతకుమించి ఇందులో ఏముందండీ?

పెద్దక్క:
అంత తేలిగ్గా తీసిపారేయకండి. సైకాలజిస్టు జెఫ్రీ యంగ్ స్కీమా థెరపీలో, అంటే చిన్నప్పుడు మనసులో పాతుకుపోయిన నమ్మకాల్ని సరిచేసే చికిత్సలో, ఇదే పని పద్ధతిగా చేస్తారు. బాధపెట్టిన పాత సంఘటనని కళ్లు మూసుకుని గుర్తు చేసుకోమంటారు. ఈసారి అందులోకి థెరపిస్టో, పెద్దయిన మీరో వెళ్లి ఆ పిల్ల తరఫున మాట్లాడతారు. నా సంగతే చెప్తాను. మేనేజర్ "ఒకసారి లోపలికి రండి" అంటే చాలు, చేతులు చల్లబడిపోయేవి. అది ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నాన్న కుర్చీ పక్కన నిలబడ్డప్పటి భయమని థెరపీలోనే తెలిసింది. అది తెలిశాకే, ఈ ఉద్యోగం ఇష్టపడి చేస్తున్నానా, తిట్లు పడకూడదని చేస్తున్నానా అని ఆలోచించగలిగాను.

గడపదాటనివాడు:
యంగ్ సంగతి సరే. ఎడమచెయ్యి ఎందుకు? సైకాలజిస్టు జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు తమ బాధ గురించి రాయించారు. తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. వాళ్లు మామూలు చేత్తోనే రాశారు కదా.

ముల్లుపెన్ను:
నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. బళ్లో వేళ్ల మీద స్కేలుతో కొట్టి కుడికి మార్పించారు. ఇప్పుడు పిల్లాడికి ఏ చెయ్యి ఇవ్వాలి, పెద్దాయనకి ఏ చెయ్యి ఇవ్వాలి?

ఊరికేచూస్తా:
హహ్హహ్హ. చూస్తున్నా, కానివ్వండి.

పెద్దక్క:
చేతుల గోల వదిలేయండి బాబూ. ఆమె అడిగింది లక్ష్యం గురించి.

గడపదాటనివాడు:
వదలను. పద్ధతికి ఆధారం అడిగితే గోల అంటారు. ఇంకోటి వినండి. 1995లో జ్ఞాపకాల మీద పరిశోధన చేసే ఎలిజబెత్ లాఫ్టస్ 24 మందికి, చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని లేని కథ చెప్పారు. దాదాపు నాలుగో వంతు మంది ఎంతో కొంత గుర్తుందన్నారు. గతాన్ని తవ్వుతూ కూర్చుంటే లేనివి కూడా బయటపడతాయి.

పెద్దక్క:
అంటే మావన్నీ కట్టుకథలా? నేను తిన్న దెబ్బలకి సాక్షుల్ని తీసుకురావాలా? మీలాంటి వాళ్లు ఇంట్లో ఉంటే పిల్లలు నోరు విప్పరు.

గడపదాటనివాడు:
మా ఇంటి సంగతి మీకేం తెలుసు? మా తమ్ముడు ఇలాంటి వర్క్‌షాప్‌కే వెళ్లొచ్చి ఉద్యోగం మానేశాడు. గాయం మానాలట, అప్పుడు లక్ష్యం దానంతటదే పిలుస్తుందట. అప్పటి నుంచి అద్దె నాదే, అమ్మ మందులు నావే. వాడూ నేనూ ఒకే ఇంట్లో, ఒకే నాన్న కింద పెరిగాం. గాయం వాడికే ఎలా అయింది?

పెద్దక్క:
మీకూ అయిందేమో.

గడపదాటనివాడు:
అయితే? నేను మానేస్తే అద్దె ఎవరు కడతారు?

పెద్దక్క:
ఈ మాట మొదటే అనుంటే చెయ్యి గురించి ఇంత కొట్టుకునేవాళ్లం కాదు. నేనూ ఇంటికి పెద్దదాన్నే. చెల్లెళ్ల ఫీజులు, పెళ్లిళ్లు అన్నీ నా నెత్తినే పడ్డాయి. అమ్మలా చూసుకుందని అందరూ మెచ్చుకున్నారు, నీకేం కావాలని ఒక్కరూ అడగలేదు. నేను ఉద్యోగం మానలేదు. థెరపీకి వెళ్లాక నా జీతంలో ఎంత ఇంటికి, ఎంత నాకు అని తేల్చి చెప్పాను, అంతే. ఒక చెల్లెలు ఇప్పటికీ మాట్లాడదు. మీ తమ్ముడు చేసేది హీలింగ్ అని నేననలేదు.

పాతచొక్కా:
సందెవెలుగు గారూ, మిమ్మల్ని అందరూ మర్చిపోయారు. మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ నాజీ క్యాంపుల వల్ల తల్లిదండ్రుల్ని, భార్యని పోగొట్టుకున్న మనిషి. చేసే పనిలో, ప్రేమించే మనిషిలో, తప్పించుకోలేని బాధని ఎదుర్కొనే తీరులో జీవితానికి అర్థం దొరుకుతుందన్నారు. ముందు గాయం మానాలన్న షరతేమీ పెట్టలేదు. ఉత్తరాలు రాసుకోండి, పనులూ చేసుకోండి. ఒకదానికోసం రెండోది ఆపక్కర్లేదు.

సందెవెలుగు:
థాంక్సండీ. వర్క్‌షాప్ వాళ్లు రెండో లెవెల్‌కి డబ్బు కట్టమంటున్నారు. లక్ష్యం అందులో దొరుకుతుందట.

గడపదాటనివాడు:
చూశారా!

పెద్దక్క:
కట్టకండి. దీని మీద మాత్రం ఆయనతో నాకు గొడవ లేదు. గడపదాటనివాడు గారూ, అద్దెలో సగం కట్టమని తమ్ముణ్ణి ఎప్పుడైనా అడిగారా?

గడపదాటనివాడు:
అడిగితే అమ్మ ఏడుస్తుంది.

పెద్దక్క:
నేను అడిగింది తమ్ముడి గురించి.