18 లక్షలు ఎంబీఏకు పెట్టాలా, కారం మిల్లుకు పెట్టాలా?

గుంటూరు_మిరప

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. బీటెక్ తర్వాత హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేశాను. ఇప్పుడు ఒక కాలేజీలో రెండేళ్ళ ఎంబీఏ సీటు వచ్చింది. అందులో ఎంట్రప్రెన్యూర్‌షిప్ స్పెషలైజేషన్ తీసుకోవాలని ఉంది. ఫీజు, హాస్టల్ కలిపి 18 లక్షలు. అంతా బ్యాంకు అప్పే.

చిన్నప్పటి నుంచి నా మనసులో ఒకటే ఉంది. మా కొట్టు దగ్గర టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీ ఎక్కుతాయి, ఎక్కడో కారమై, ప్యాకెట్టులో మళ్ళీ మా వీధి చివరి కొట్టుకే వస్తాయి. ఆ ప్యాకెట్టు మనమే చెయ్యాలి అని. నాన్నేమో "ఆ అప్పేదో మిల్లు మీద చేద్దాం, వ్యాపారం పుస్తకంలో వస్తుందా" అంటున్నారు. అమ్మ చదువుకోమంటోంది. చదివినవాళ్ళు చెప్పండి, క్లాసులో నిజంగా ఏం నేర్పుతారు? జూన్‌లో ఫీజు కట్టాలి.

బెల్లం_అనకాపల్లి

చెల్లీ, నేను చదివింది అదే. మాది అనకాపల్లి పక్క పల్లె, తాతల నాటి నుంచి బెల్లం వండే ఇల్లు. చదువుతూనే బెల్లం పొడి మొదలుపెట్టాను. ఆరేళ్ళయింది, నడుస్తోంది.

మొదటి ఏడాది అకౌంట్స్, మార్కెటింగ్, స్టాటిస్టిక్స్, అందరితో పాటే. నువ్వనుకునే సబ్జెక్టులు రెండో ఏడాదిలోనే వస్తాయి. పెట్టుబడిదారుల ముందు మాట్లాడటం, వాటాల లెక్కలు, ఇలాంటివి చాలా చెప్పారు. నాకు అక్కరకొచ్చినవి మాత్రం రెండు.

"హైడ్రోస్ (రంగు కోసం వేసే రసాయనం) కలపని బెల్లం కొంటారా?" అని నలభై మందిని అడిగాను. అందరూ కొంటామన్నారు. మా మేష్టారు ఆ కాగితాలు పక్కన పెట్టించి, "పోయిన నెల బెల్లం ఎక్కడ కొన్నారు, ఏ రంగుది, ఎంతకు? అది అడిగి రా" అన్నారు. మళ్ళీ తిరిగాను. దాదాపు అందరి వంటింట్లోనూ పసుప్పచ్చటి దిమ్మే! ఆ రంగు హైడ్రోస్ వల్ల వచ్చేది. అది వెయ్యకపోతే బెల్లం ముదురు రంగులో ఉంటుంది, జనం పాత సరుకనుకుంటారు. దిమ్మ మానేసి పొడి చేసింది అందుకే, పొడి దగ్గర రంగు పట్టింపు తక్కువ. ఆ మేష్టారు లేకపోతే నేను దిమ్మలే పోయించి ఇంటినిండా పేర్చుకునేవాణ్ణి.

రెండోది డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అనే పట్టిక. కిలోకు 12 రూపాయలు మిగులుతోంది, నెలకు రెండు టన్నులు అమ్మితే 24 వేలు అని లెక్కేసుకున్నాను. పట్టిక గీశాక కళ్ళు తెరిపిడి పడ్డాయి. బెల్లం ఇచ్చిన రైతుకు ఆ రోజే డబ్బివ్వాలి. సూపర్‌మార్కెట్ వాళ్ళు ఇచ్చేది 60 రోజులకు. కిలో 60 చొప్పున రెండు నెలల సరుకు, అంటే 2,40,000 ఎప్పుడూ బయటే ఉంటుంది. అమ్మకం పెరిగినకొద్దీ చేతిలో డబ్బు ఇంకా తగ్గుతుంది. మీ నాన్నగారికి ఇది పుస్తకం లేకుండానే తెలిసి ఉంటుంది, అరువు మీద నడిచే యార్డులో ఉన్నారు కదా. ఆయన్ని అడుగు.

క్లాసులో దొరకనిది సరుకు సంగతి. మొదటి వానాకాలం పొడి గడ్డకట్టి 300 ప్యాకెట్లు వెనక్కొచ్చాయి. ఎంత ఆరబెట్టాలి, ఏ కవరు వాడాలి అన్నది అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానంలోనూ, మా ఊళ్ళో బెల్లం వండే పెద్దాయన దగ్గరా నేర్చుకున్నాను.

ఇక లోను. కోర్సయ్యాక ఏడాదికి కంతులు మొదలవుతాయి. 18 లక్షలు, 10 శాతం, పదేళ్ళు అనుకో, నెలకు 24 వేలకు దగ్గర. చదివినంతకాలం వడ్డీ కట్టకపోతే ఇంకా ఎక్కువ. నా రెండు టన్నుల లాభం సరిగ్గా అంతే! నాకు ఫీజులో సగం స్కాలర్‌షిప్ వచ్చింది కాబట్టి నిలబడ్డాను. నాతో పాటు మొదలుపెట్టిన మంచి మంచి వాళ్ళు కంతుల కోసం ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకతను చేసిన రాగి పిండి నా బెల్లం కంటే బాగుండేది, ఇప్పటికీ బాధనిపిస్తుంది.

జూన్ లోపు ఆవకాయ రోజులున్నాయి. ఏడాది కారం కొనేది అప్పుడే. వంద కిలోలు పట్టించి, తెలిసినవాళ్ళకు కాకుండా తెలియనివాళ్ళకు అమ్ము. ఆ లెక్కల పుస్తకం పట్టుకుని క్లాసుకు వెళ్తే ప్రతి అసైన్‌మెంటూ నీ కారం మీదే చేసుకోవచ్చు. ఖాళీ చేతుల్తో, అంత అప్పుతో మాత్రం వెళ్ళొద్దు.

పాతమేష్టారు

అమ్మా, నేను 22 ఏళ్ళు ఎంబీఏ పిల్లలకు పాఠం చెప్పి రిటైరయ్యాను. "వ్యాపారం నేర్పితే వస్తుందా" అన్న మీ నాన్నగారి ప్రశ్నను మన దగ్గరే పరీక్షించి చూశారు. 1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలండ్ బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి, సుమారు పది రోజుల శిక్షణ ఇచ్చింది. ఆ సంస్థే ఇప్పటి యూసుఫ్‌గూడ జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థ. తర్వాత చూస్తే, శిక్షణ లేనివాళ్ళకంటే వాళ్ళలో ఎక్కువమంది కొత్త పనులు మొదలుపెట్టారు, ఉన్నవి పెంచారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్ళని గమనించు.

మెక్లెలండ్ మేకుకు పడేట్టు రింగులు విసిరే ఆట ఒకటి ఆడించేవాడు, ఎంత దూరం నుంచి అన్నది ఎవరిష్టం వాళ్ళది. పట్టుదల ఉన్నవాళ్ళు మేకుకు మరీ దగ్గరా, మరీ దూరమూ కాకుండా నిలబడతారు. మా క్లాసులోనూ ఆడించేవాణ్ణి. 18 లక్షలు చాలా దూరం. పైన ఆయన చెప్పిన వంద కిలోలు సరైన దూరం.

మిల్లుకే వెళ్ళేట్టయితే పీఎంఈజీపీ చూడు, చిన్న యూనిట్ల అప్పు మీద కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం. తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు పరిమితి 2022లో 50 లక్షలకు పెంచారు. అప్పటి నిబంధనల ప్రకారం మహిళలకు పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. ఈ సబ్సిడీ కొత్త యూనిట్‌కే, అందుకే ముందే యంత్రాలు కొనెయ్యకు.

విశాఖ_అక్క

ఒక్క మాట. సీటు వదులుకునే ముందు కాలేజీకి ఫోన్ చేసి ఏడాది వాయిదా ఇస్తారేమో కనుక్కో. సొంత పని పెట్టుకున్నవాళ్ళు తర్వాత ప్లేస్‌మెంట్‌కు రావచ్చా అనీ అడుగు. ఐఐఎం అహ్మదాబాద్‌లో ఆ వీలు ఉంది.

గుంటూరు_మిరప

అందరికీ చాలా థాంక్స్. రాత్రి ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. 60 రోజుల దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు. పొద్దున్నే తేజ రకం మిర్చి రెండు టిక్కీలు, రంగు కోసం బ్యాడిగి రకం ఒకటి పక్కన పెట్టించారు. తొడిమలు తీయించే కూలి, పట్టించాక తగ్గే తూకం నన్నే రాసుకోమన్నారు. కాలేజీకి మెయిల్ పెట్టాను. అన్నయ్యా, తెలియనివాళ్ళకు అమ్మమన్నారు కదా, మొదటి ప్యాకెట్టు మీరు ఎక్కడ నిలబడి అమ్మారు?

బెల్లం_అనకాపల్లి

ఎంవీపీ కాలనీ రైతు బజార్ బయట, ఆదివారం పొద్దున ఆరింటికి. నాలుగు గంటల్లో పదకొండు ప్యాకెట్లు పోయాయి.