చేపల చెరువు తీసేసి మళ్లీ వరి వేస్తే పండుతుందా? (కొల్లేరు అంచు, కైకలూరు వైపు)

లంకపిల్ల:
అందరికీ నమస్కారం అండి. మా జిరాయితీ రెండెకరాలు పదిహేనేళ్లుగా చేపల చెరువుకి లీజులో ఉంది. ఈ జూన్‌తో గడువు అయిపోతుంది. నాన్న మళ్లీ ఇచ్చేద్దాం అంటున్నారు. అమ్మకీ నాకూ మనసొప్పట్లేదు.

కారణం మా చేతిపంపు. పోయిన వేసవిలో ఆ నీళ్లతో కందిపప్పు పెడితే రెండు గంటలైనా ఉడకలేదు. ఖాళీ బకెట్ ఎండలో ఆరితే అడుగున తెల్లటి పొర. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నా, ఉప్పే. ఎటు చూసినా నీళ్లే ఉన్న ఊళ్లో మంచినీళ్ల టిన్నులు కొంటున్నాం. మా తాతయ్య తాటిదోనె మీద వెళ్లి మావులు (చేపలు పట్టే బుట్టలు) ఎత్తుకొస్తే గంప నిండా మట్టగిడసలు, ఇంగిలాయిలు ఉండేవి. మా అబ్బాయికి శీలావతి, బొచ్చె తప్ప ఇంకో చేప తెలీదు.

గట్లు తీయిస్తే వరి పండుతుందా? ఎన్నేళ్లు పడుతుంది?

డ్రైనేజీ మాజీ ఉద్యోగి:
అమ్మా, మీ పంపులో ఉప్పుకి కారణం ఒక్క మీ చెరువే కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కొల్లేట్లోకే వస్తాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సు నిండుగా ఉన్నంతకాలం నీరు సముద్రానికి పోతుంది. ఎండాకాలం మట్టం పడిపోతే, పోటుకి సముద్రమే ఉప్పుటేరులో ఎదురెక్కి వస్తుంది. నీరు నిలవాల్సిన చోట మనం గట్లు పోశాం, ఇంక మట్టం ఎలా నిలుస్తుంది?

1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి, నా కళ్లతో చూశాను. వానాకాలం వస్తే అవే గట్లు నీటికి అడ్డం. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి బెజవాడ సింగ్‌నగర్ మునిగింది కదా, ఆ నీరు చివరికి దిగింది మన లంకల మీదికే. మీ రెండెకరాల గట్టు తీసినా నీటికి ఆ మేరకు చోటు దొరుకుతుంది. తీయించండమ్మా.

మండవల్లి రైతు:
చెల్లీ, మేం ఎకరంన్నర చెరువు తీసేసి మూడేళ్లయింది. మొదటి ఏడు అడుగు బురద నల్లగా, కంపు. పైరు మోకాలు దాటి ఏపుగా లేచి పడిపోయింది, చేతికొచ్చింది సగం తాలే. ఆ బలం అంతా చేపల మేతది. రెండో ఏడు కాలవ నీళ్లు పెట్టి రెండుసార్లు కడిగి వదిలేశాం, పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూతకి రాగానే కలియదున్నాం. మూడో ఏడు ఎకరాకి ఇరవై రెండు బస్తాలు. ముందు మట్టి పరీక్ష చేయించు, ఇ.సి. (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటితే కడగకుండా నారు వేయకు. అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఇంకా చెరువులుంటే ఊట ఆగదు. సరిహద్దు పొడవునా లోతుగా బోదె తీసి మురుగ్గాలవలో కలపాలి. మాకు మొదట ఎవరూ చెప్పలేదు, ఒక పంట పోయింది.

లంకపిల్ల:
రెండు వైపులా చెరువులే అన్నయ్యా. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి, తాతయ్య నాటి మురుగుబోదె ఎక్కడ ఉండేదో కర్రతో గీసి చూపించారు. రేపు మట్టి తీసి పరీక్షకి పంపిస్తున్నాం.