మల్టీక్లాస్ లెక్క తప్పింది: ఒకరు రెండు రౌండ్లలో బాస్‌ని లేపేస్తున్నారు, ఇంకొకరు వెనకబడిపోయారు

తెర_వెనక_డీఎం

అందరికీ నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే పాత్రల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం, ఆట నడిపే డీఎంని నేనే. నలుగురు ప్లేయర్లు, అందరూ లెవల్ 6. ఇద్దరు మల్టీక్లాస్, అంటే తమ లెవల్స్‌ని రెండు క్లాస్‌లకి (పాత్ర రకాలకి) పంచుకున్నారు.

ఫైటర్ 6
క్లెరిక్ 6
పాలడిన్ 2 / సార్సరర్ 4 (కత్తి, డాలు, డ్యూయెలింగ్ స్టైల్, స్ట్రెంగ్త్ 16)
రోగ్ 3 / మంక్ 3 (డెక్స్‌టెరిటీ 16)

ఆటలో ఒక రోజుకి ఒకటే పోరాటం, మహా అయితే రెండు. పాలడిన్-సార్సరర్ స్లాట్లన్నీ (మంత్రాలకి వాడే కోటా) స్మైట్‌లో (దెబ్బకి అదనపు నష్టం కలిపే పాలడిన్ శక్తి) పోసేసి 110, 120 హెచ్‌పీ (ప్రాణ పాయింట్లు) ఉన్న బాస్‌ని రెండో రౌండ్‌కే పడగొడుతున్నారు. రోగ్-మంక్ ప్లేయర్‌కేమో చేసిందేమీ లేదనిపిస్తోంది. బాస్ ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 16 నుంచి 18కి పెంచి చూశాను, రోగ్-మంక్ పరిస్థితి ఇంకా దిగజారింది. మల్టీక్లాస్ మొత్తానికే ఆపేయాలా, స్మైట్‌కి హద్దు పెట్టాలా? లెవల్ 7కి వెళ్లేలోపు తేల్చుకోవాలి.

పాచికల_లెక్క

ఆపేయకండి. ముందు అంకెలు చూడండి, తప్పు ఎక్కడుందో అవే చెబుతాయి.

పాలడిన్ లెవల్‌లో సగం 1, దానికి సార్సరర్ 4 కలిపితే క్యాస్టర్ లెవల్ (స్లాట్లు ఎన్నో తేల్చేది) 5. అంటే మొదటి లెవల్ స్లాట్లు 4, రెండోవి 3, మూడోవి 2. అన్నీ స్మైట్‌కే వాడితే 25డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు 25), సగటున 112. అదే మల్టీక్లాస్ చేయని పాలడిన్ 6కి ఉండేవి 4, 2 స్లాట్లే. అవి 14డీ8, సగటున 63. ఇంతవరకే చూస్తే మీ అనుమానం నిజమే.

ఇప్పుడు రౌండ్లవారీగా, దెబ్బలన్నీ తగిలాయనుకుని లెక్కేద్దాం. మీ ప్లేయర్ మామూలు యాక్షన్‌తో ఒక బూమింగ్ బ్లేడ్ (కత్తి దెబ్బతో కలిసే మంత్రం), రెండు సార్సరీ పాయింట్లు పెట్టి క్వికెన్డ్ స్పెల్‌తో (మంత్రాన్ని బోనస్ యాక్షన్‌లో, అంటే టర్న్‌లోని అదనపు చిన్న యాక్షన్‌లో వేసే ఉపాయం) ఇంకో బూమింగ్ బ్లేడ్ వేస్తున్నారనుకుంటా. రెండూ క్యాంట్రిప్‌లే (స్లాట్ ఖర్చు లేని మంత్రాలు) కాబట్టి రూల్ ఒప్పుకుంటుంది. ఒక్కో దెబ్బ: కత్తి 1డీ8, స్ట్రెంగ్త్ 3, డ్యూయెలింగ్ 2, బూమింగ్ బ్లేడ్ 1డీ8, సగటు 14. మొదటి రౌండ్‌లో రెండు దెబ్బలు, రెండు 4డీ8 స్మైట్‌లు: 64. రెండో రౌండ్‌లో రెండు 3డీ8 స్మైట్‌లు: 55. మొత్తం 119. మీ బాస్ సరిగ్గా అక్కడే పడిపోతోంది. స్ట్రెంగ్త్ 18 ఉన్న పాలడిన్ 6 అదే రెండు రౌండ్లలో 87 చేస్తాడు.

మూడో రౌండ్‌కి వచ్చేసరికి మీవాళ్ల నాలుగు సార్సరీ పాయింట్లూ అయిపోతాయి. ఇక రౌండ్‌కి ఒకటే దెబ్బ, ఎందుకంటే పాలడిన్ 5 లేదు, ఎక్స్‌ట్రా అటాక్ (ఒకే యాక్షన్‌లో రెండో దెబ్బ) లేదు. స్లాట్ కరిగించి పాయింట్లు తెచ్చుకోవచ్చు కానీ దానికి బోనస్ యాక్షన్ పోతుంది, క్వికెన్‌కి కావలసిందీ అదే బోనస్ యాక్షన్. అందుకే నాలుగేసి రౌండ్ల పోరాటాలు నాలుగు, అంటే 16 రౌండ్లు నడిస్తే లెక్క తిరగబడుతుంది: పాలడిన్ 6కి 399, మీ పాలడిన్-సార్సరర్‌కి 364. పైగా పాలడిన్ 6 దగ్గర పక్కవాళ్లను కూడా కాపాడే ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ ఉంటుంది. కాన్‌స్టిట్యూషన్ 14 అనుకుంటే హెచ్‌పీ కూడా 52, వీళ్లకు 44.

కాబట్టి మీ అసలు సమస్య క్లాస్‌లలో లేదు, రోజుకి ఒకే పోరాటం పెట్టడంలో ఉంది. స్మైట్ స్లాట్లూ సార్సరీ పాయింట్లూ లాంగ్ రెస్ట్‌తోనే (పూర్తి విశ్రాంతి) తిరిగొస్తాయి. ఫైటర్ యాక్షన్ సర్జ్, సెకండ్ విండ్, మంక్ కీ పాయింట్లు (మంక్ ప్రత్యేక శక్తులకి ఖర్చయ్యేవి) షార్ట్ రెస్ట్‌తోనే (చిన్న విరామం) వచ్చేస్తాయి. షార్ట్ రెస్ట్ లేని ఆటలో మీరు తెలియకుండానే ఒకరికి పండగ చేసి, ఇద్దరికి కోత పెడుతున్నారు.

లెవల్ 6లో నలుగురికి రోజు మొత్తం పోరాటాల బడ్జెట్ 16,000 అడ్జస్టెడ్ ఎక్స్‌పీ (శత్రువుల సంఖ్యని బట్టి సవరించిన అనుభవ పాయింట్లు). మీడియం 2,400 దగ్గర, హార్డ్ 3,600 దగ్గర, డెడ్లీ 5,600 దగ్గర మొదలవుతాయి. ముగ్గురు ఓగర్లు ఒక్కొక్కటి 450 చొప్పున 1,350, ముగ్గురున్నందుకు రెట్టింపు చేస్తే 2,700. అలాంటివి రెండు పెట్టి ఒక షార్ట్ రెస్ట్, ఆపైన ఒక హార్డ్, ఇంకో షార్ట్ రెస్ట్, చివర డెడ్లీ బాస్. మొత్తం 14,600. బాస్ దగ్గరికి చేరేసరికి పాలడిన్-సార్సరర్ దగ్గర మూడో లెవల్ స్లాట్ ఒకటి మిగిలితే గొప్ప.

నీడలో_అడుగు

పైన చెప్పినది సబబే, కానీ రోగ్-మంక్ కష్టం దాంతో మొత్తం తీరదు. షార్ట్ రెస్ట్‌లు ఎన్ని ఇచ్చినా కీ మూడు పాయింట్లే. అక్కడి రోగం వేరు.

3/3 అనేది చాలా నష్టపు చీలిక. ఎబిలిటీ స్కోర్ ఇంప్రూవ్‌మెంట్ (ఏఎస్ఐ, అంటే స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ లాంటి అంకెలు పెంచుకునే అవకాశం) మొత్తం లెవల్‌ని చూడదు, క్లాస్ లెవల్‌ని చూస్తుంది. రోగ్ 4 లేదు, మంక్ 4 లేదు, కాబట్టి లెవల్ 6 వచ్చినా ఒక్క ఏఎస్ఐ కూడా రాలేదు. డెక్స్ ఇంకా 16లో ఉండటానికి కారణం అదే. స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టే రోగ్ అదనపు నష్టం) 2డీ6 దగ్గర ఆగింది, అన్‌కానీ డాడ్జ్ (తగిలిన దెబ్బని సగం చేసే రోగ్ శక్తి) రాలేదు, మంక్ ఎక్స్‌ట్రా అటాక్ రాలేదు.

అన్నీ తగిలితే ఇప్పుడు: షార్ట్‌సోర్డ్ 6.5, స్నీక్ 7, చేతి దెబ్బ 5.5, మొత్తం 19. డెక్స్ 18తో రెండు షార్ట్‌సోర్డ్‌లు పట్టిన రోగ్ 6: 7.5, స్నీక్ 10.5, రెండో కత్తి 3.5, మొత్తం 21.5. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. అసలు తేడా తగలని రోజున బయటపడుతుంది. చేతి దెబ్బకి, కాలి దెబ్బకి స్నీక్ అటాక్ పనిచేయదు. ఫినెస్ ఆయుధమో (డెక్స్‌టెరిటీతో వాడగలిగేది), దూరం నుంచి కొట్టే ఆయుధమో కావాలి. కాబట్టి కత్తి ఒక్కసారి తప్పిందంటే ఆ టర్న్‌కి స్నీక్ పోయినట్టే.

మీరు ఏసీ పెంచినప్పుడు జరిగింది ఇదే. ఇరవై ముఖాల పాచికకి కలిపే +6తో ఏసీ 16ని కొట్టే అవకాశం 55 శాతం, ఏసీ 18ని అయితే 45 శాతం. స్మైట్‌ని దెబ్బ తగిలాక ప్రకటిస్తారు కాబట్టి తప్పిన దెబ్బకి స్లాట్ ఖర్చు కాదు, క్రిట్ (నష్టం పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) పడేదాకా దాచుకోవచ్చు కూడా. స్నీక్‌ని అలా దాచుకోలేరు. ఏసీ పెంచడం స్మైట్‌కి వేసిన కళ్లెం కాదు, రోగ్‌కి వేసిన జరిమానా.

ఈ వారమే చేయగలిగిన పని: రెండో చేతిలో ఇంకో షార్ట్‌సోర్డ్ పట్టుకోమనండి. మొదటి దెబ్బ తగిలితే బోనస్ యాక్షన్‌తో కాలితో తన్నొచ్చు, చేతులు ఖాళీగా ఉండనక్కర్లేదు. తప్పితే అదే బోనస్ యాక్షన్‌తో రెండో కత్తి వేసి స్నీక్‌కి మళ్లీ ప్రయత్నించొచ్చు. ఏసీ 16 మీద స్నీక్ పడే అవకాశం 55 నుంచి దాదాపు 80 శాతానికి వెళ్తుంది. ఒక్క పాయింట్ ఖర్చు లేదు.

ఇక లెవల్ 7, 8 రెండూ మంక్‌లోనే పెట్టాలి. మంక్ 4తో ఏఎస్ఐ, మంక్ 5తో ఎక్స్‌ట్రా అటాక్, స్టన్నింగ్ స్ట్రైక్ (శత్రువుని స్తంభింపజేసే దెబ్బ). అప్పుడు యాక్షన్‌లోనే కత్తికి రెండు అవకాశాలుంటాయి, బోనస్ యాక్షన్ ఖాళీ అవుతుంది. ఈ కలయికలో బోనస్ యాక్షన్ కోసం కన్నింగ్ యాక్షన్ (రోగ్ పరుగు, దాక్కోవడం), ఫ్లర్రీ (మంక్ అదనపు చేతి దెబ్బలు), రెండో కత్తి అన్నీ కొట్టుకుంటాయి. ఆ ఇరుకు మంక్ 5 దాకా తీరదు. ఇక్కడ రోగ్ 4 తీసుకుంటే ఏఎస్ఐ వస్తుంది కానీ ఎక్స్‌ట్రా అటాక్ లెవల్ 9కి జరుగుతుంది.

రూల్స్_పేజీ

హద్దులు పెట్టేముందు పాలడిన్-సార్సరర్ క్యారెక్టర్ షీట్ ఒకసారి చూడండి. ఈ కలయికలో తెలియక జరిగే పొరపాట్లు చాలా ఉంటాయి, సగం అదనపు బలం అక్కడినుంచే వస్తుంది.

మూడో లెవల్ స్లాట్ ఉన్నంత మాత్రాన మూడో లెవల్ స్పెల్ రాదు. ఏ స్పెల్స్ తెలుసన్నది ఒక్కో క్లాస్‌కి విడివిడిగా చూడాలి. సార్సరర్ 4కి ఐదు స్పెల్స్, అవీ రెండో లెవల్ దాకానే. షీట్ మీద ఫైర్‌బాల్ (మూడో లెవల్ స్పెల్) ఉంటే కొట్టేయండి.

కత్తి, డాలు రెండూ పట్టుకుని షీల్డ్ స్పెల్ (ఏసీ కాసేపు పెంచే మంత్రం) వేస్తున్నారా? దానికి చేతి సైగ కావాలి, చేయి ఖాళీ లేదు. డాలు మీద పవిత్ర చిహ్నం ఉన్నా అది పాలడిన్ స్పెల్స్‌కే ఫోకస్ (మంత్రానికి వాడే సాధనం). సార్సరర్ 4లో వచ్చిన ఏఎస్ఐతో వార్ క్యాస్టర్ ఫీట్ (చేతులు నిండుగా ఉన్నా సైగ చేయనిచ్చే ప్రత్యేక నైపుణ్యం) తీసుకుని ఉంటేనే కుదురుతుంది. బూమింగ్ బ్లేడ్‌కి ఈ ఇబ్బంది లేదు, చేతిలోని ఆయుధమే దాని సామగ్రి.

మొదటి లెవల్ దేనిలో తీసుకున్నారో అడగండి. సార్సరర్‌గా మొదలుపెట్టి ఉంటే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (దాడుల ప్రభావాన్ని తట్టుకునే పాచికకి బోనస్) ఉంటుంది కానీ, తర్వాత పాలడిన్‌లోకి వచ్చినందుకు హెవీ ఆర్మర్ రాదు. లైట్, మీడియం, డాలు మాత్రమే. పాలడిన్‌గా మొదలుపెట్టి ఉంటే హెవీ ఆర్మర్ ఉంటుంది, కాన్‌స్టిట్యూషన్ సేవ్ ఉండదు. రెండూ కనిపిస్తే, ఏదైనా ఫీట్ ఇవ్వకపోతే, ఒకటి తప్పు. ఇంకొకటి, స్ట్రెంగ్త్, కరిజ్మా రెండూ 13కి తగ్గకుండా ఉండాలి.

తెర_వెనక_డీఎం

షీట్ చూశాను. వార్ క్యాస్టర్ లేదు, అయినా షీల్డ్ వేస్తూనే ఉన్నాం. నేనే గమనించలేదు. ఇంకో రెండు ప్రశ్నలు. 2024 రూల్స్‌లోని స్మైట్ ఒక్కటి తెచ్చుకుంటే ఎలా ఉంటుంది? ఏఎస్ఐలను మొత్తం లెవల్‌ని బట్టి ఇచ్చేస్తే రోగ్-మంక్‌కి మేలే కదా? మా సెషన్ మూడు గంటలే, నాలుగు పోరాటాలు ఒక్క రోజులో పట్టవు.

పాచికల_లెక్క

2024లో డివైన్ స్మైట్ ఒక స్పెల్ అయింది, బోనస్ యాక్షన్ తింటుంది, కాబట్టి టర్న్‌కి ఒకటే. క్వికెన్‌తో కలవదు, కౌంటర్‌స్పెల్‌కి (ఎదుటివాళ్ల మంత్రాన్ని ఆపే మంత్రం) కూడా దొరుకుతుంది. 2024 పుస్తకంలో మిగతా పాలడిన్‌ని కూడా దానికి తగ్గట్టు మార్చారు. అదొక్కటే పీకి తెచ్చి 2014 పాలడిన్‌కి అతికిస్తే, మల్టీక్లాస్ చేయని పాలడిన్‌కి అన్యాయం. మీ టేబుల్‌కి ఇంతచాలు: స్మైట్ టర్న్‌కి ఒకసారే, బోనస్ యాక్షన్ అవసరం లేదు, స్పెల్ కాదు. పైన 119 అన్నది దీంతో రెండు రౌండ్లకి 92 అవుతుంది: నాలుగు దెబ్బలు 56, రెండు 4డీ8 స్మైట్‌లు 36. బాస్‌కి మూడో రౌండ్ దక్కుతుంది. ముందు రెస్ట్‌లు సరిచేసి రెండు సెషన్లు చూడండి, అవసరమైతేనే ఇది.

సెషన్‌కీ ఆటలోని రోజుకీ లంకె పెట్టకండి. సెషన్ ముగిసినంత మాత్రాన లాంగ్ రెస్ట్ అయినట్టు కాదు. మిగిలిన స్లాట్లు, హెచ్‌పీ, కీ రాసుకుని వచ్చే వారం అక్కడినుంచే మొదలుపెట్టండి. షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు చేసే వేరియంట్ కూడా ఉంది, కానీ దాంతో 8 గంటలుండే మేజ్ ఆర్మర్ లాంటి రక్షణ మంత్రాలు చప్పబడిపోతాయి, క్లెరిక్ మీద భారం పెరుగుతుంది. మీకు అంతదూరం వెళ్లే అవసరం కనిపించడం లేదు.

నీడలో_అడుగు

ఏఎస్ఐ అందరికీ మొత్తం లెవల్‌ని బట్టి ఇవ్వొద్దు. మేలు రోగ్-మంక్‌కి ఒక్కసారి, ఒకటి రెండు లెవల్స్ తగిలించుకునేవాళ్లకి ఎప్పటికీ. లెవల్ 8కి పాలడిన్-సార్సరర్‌కి కూడా రెండో ఏఎస్ఐ ఉచితంగా వచ్చేస్తుంది, పాలడిన్‌లో రెండే లెవల్స్ ఉన్నా ఏమీ కోల్పోనట్టే.

అప్పుగా ఇవ్వండి. ఏ క్లాస్‌లోనూ 4 చేరకుండా మొత్తం లెవల్ 6కి వచ్చినవాళ్లకి ఒక ఏఎస్ఐ ఇప్పుడే ఇచ్చి, మంక్ 4 వచ్చినప్పుడు మళ్లీ ఇవ్వకుండా సరిపెట్టండి. ఆ ప్లేయర్ డెక్స్ 18 చేసుకుంటే కొట్టడానికి +7, కవచం లేని మంక్‌కి ఏసీ కూడా ఒకటి పెరుగుతుంది. షీట్ మీద మంక్ 4 ఎదురుగా "ఏఎస్ఐ తీసుకున్నాను" అని ఇప్పుడే రాయించండి, రెండు నెలల తర్వాత ఇద్దరికీ గుర్తుండదు.