హారన్ ఫ్యూజ్ మాటిమాటికీ ఎగిరిపోతుంటే పెద్దది వేసెయ్యొచ్చా?

జెట్టీ కుర్రాడు (విశాఖ):
మాది చెక్క బోటు, 13 మీటర్లు, 12 వోల్టుల బ్యాటరీ. వేట నిషేధంలో రంగులేయించి జూన్ 15న దించాం. అప్పట్నుంచి హారన్ నొక్కితే ఒకసారి పలుకుతోంది, ఇంకోసారి పలక్కుండానే ఫ్యూజ్ పోతోంది. 10 ఆంపియర్లది. నాలుగు రోజుల్లో ఆరు పోయాయి. 25 వేసేస్తే గొడవ వదిలిపోతుందని మా మేస్త్రీ. నాన్న ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

పాత సరంగు:
వేసెయ్ బాబూ. మా బోటుకి 25 వేసి ఆరేళ్లయింది, ఏమీ కాలేదు. హారన్ ఎంతసేపు నొక్కుతాం, రెండు సెకన్లు. ఆ కాస్తకే వైరు కాలిపోతుందా? పొగమంచులో పెద్ద ఓడ మీదికొస్తున్నప్పుడు హారన్ పలక్కపోతే నీ ఫ్యూజ్ కాపాడుతుందా?

ఆటో ఎలక్ట్రీషియన్, గాజువాక:
ఫ్యూజ్ పెట్టేది హారన్ కోసం కాదు బాబాయ్ గారూ, వైరు కోసం. వైరు మోయగలిగినదానికి తక్కువలోనే ఫ్యూజ్ పోవాలి. సన్న వైరుకి 25 పెడితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజ్ కంటే ముందు వైరు కాలుతుంది. అదీ చెక్క బోటులో, డీజిల్ పక్కన.

తమ్ముడూ, హారన్ రెండు వైర్లూ విప్పి, కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టు. ఫ్యూజ్ ఉన్నచోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి స్విచ్ నొక్కు. వెలగకూడదు. వెలిగిందంటే వైరింగ్‌లోనే షార్ట్. మధ్యలో బల్బు ఉంటుంది కాబట్టి రెండు ఆంపియర్లు కూడా పారవు, ఏదీ కాలదు. వెలగకపోతే తప్పు హారన్‌దే. ఉప్పుగాలికి లోపలి రేకు తుప్పుపట్టి బిగుసుకుంటే, కరెంటును కలిపి విడదీసే పాయింట్లు విడిపోవు, కరెంటు ఆగకుండా లాగేస్తుంది. నాకైతే అదే అనిపిస్తోంది.

పాత సరంగు:
బల్బులూ పాయింట్లూ ఒడ్డున బాగానే ఉంటాయి. రాత్రి రెండింటికి నడి సముద్రంలో ఎవడు పెడతాడు?

మెరైన్ డిప్లొమా:
సరంగు గారూ, రెండు సెకన్లన్నారు. మంచులో వలేసి ఉంటే రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగు, వెంటనే రెండు పొట్టి కూతలు వేస్తూనే ఉండాలి. పొడుగు కూతంటేనే నాలుగు నుంచి ఆరు సెకన్లు. అంతర్జాతీయ నౌకాయాన నిబంధనల్లో ఉన్నదే ఇది. 12 మీటర్లు, అంతకు మించిన బోటుకి విజిల్, అంటే కూత వేసే పరికరం, తప్పనిసరి కూడా. అంతసేపు మోగాల్సినదాన్ని సన్న వైరు మీద వదిలేస్తారా? 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి 15 ఫ్యూజ్ పెట్టండి, మీ బాధా తీరుతుంది.

జెట్టీ కుర్రాడు (విశాఖ):
చూశానండి. ఇంజిన్ ఆపి బల్బు పెడితే వెలగలేదు. హారన్‌దే తప్పనుకుని కొత్తది తెచ్చా. దాంతోనూ ఫ్యూజ్ పోయింది. నాన్న 'ఇంజిన్ ఆడుతుండగా చూడరా' అన్నారు. మళ్లీ వైర్లు విప్పి ఇంజిన్ ఆన్ చేస్తే బల్బు మినుకు మినుకుమంది. స్విచ్ నొక్కి పట్టుకుని వైరును చేత్తో కదుపుతూ వెళ్లా. క్యాబిన్ పైకప్పు దగ్గర, రంగులేసేటప్పుడు విప్పి మళ్లీ బిగించిన క్లిప్పు కింద పూర్తిగా వెలిగింది. క్లిప్పు నొక్కేసి రెండు వైర్ల తొడుగూ పగిలింది. లోపల రాగి పచ్చగా చిలుం పట్టింది.

ఆటో ఎలక్ట్రీషియన్, గాజువాక:
హారన్ అన్న నా లెక్క తప్పింది. అడగాల్సిన మొదటి ప్రశ్నే అడగలేదు, ఇంజిన్ ఆడుతుంటేనా, ఆపి ఉంటేనా అని. చెక్క బోటు కాబట్టి ఒక్క వైరు ఒరిసినా ఏం కాదు, ఇంజిన్ అదురుకి రెండూ ఒకదానికొకటి తగలాలి. అందుకే ఒకసారి పలికి, ఒకసారి పోతోంది. ఆ ముక్క కోసేసి కళాయి పూసిన రాగి వైరు వెయ్. ఆ పాత వైరు మీద 25 పెట్టి ఉంటే క్యాబిన్ పైకప్పు దగ్గరే రాజుకునేది.

పాత సరంగు:
నా బోటుకీ క్లిప్పులు చూస్తా. 25 మాత్రం తియ్యను, నా వైరు లావుది.

మెరైన్ డిప్లొమా:
ఎంత లావు? కొలిచారా?

పాత సరంగు:
రేపు కొలిచి చెప్తా.