సైకిల్ దారి: కట్ట వైపు అడగాలా, మెయిన్ రోడ్డు మీదా?

ప్రశ్న: వరంగల్‌లో సైకిల్ దారి కోసం మా కాలనీ వాళ్లం వినతిపత్రం రాస్తున్నాం. డబ్బు ఒక్క దారికే సరిపోతుందట. భద్రకాళి చెరువు కట్ట వైపు అడగాలా, కాజీపేట నుంచి నిట్ ఇంజనీరింగ్ కాలేజీ మీదుగా హనుమకొండ చౌరస్తా వైపా? మా అమ్మాయి రోజూ మెయిన్ రోడ్డు మీదే సైకిల్‌పై కాలేజీకి పోతుంది. ఇంటికొచ్చేదాకా నాకు టెన్షనే.

జవాబు: కట్ట మీద పొద్దున గాలి బాగుంటుందక్కా, కానీ అది షికారు దారి. పనికి పోయేవాళ్లకు మెయిన్ రోడ్డే దిక్కు.

జవాబు: ముప్పై ఏళ్లుగా ఆ మెయిన్ రోడ్డు మీది ఫాతిమానగర్ బ్రిడ్జి సైకిల్ మీదే ఎక్కుతున్నానమ్మా. వెనక బస్సు హారన్ కొడితే చేతిలో హ్యాండిల్ వణుకుతుంది. ఉత్త రంగు గీత గీస్తే దాని మీద ఆటోలు ఆపుతారు. ఉన్న డబ్బుకి దారి పొడవు తగ్గినా సరే, అంచున దిమ్మెలు పెట్టమని రాయండి.

ప్రశ్న అడిగినామె: దిమ్మెల మాట ఇప్పుడే రాశానన్నా. ముందు బ్రిడ్జి నుంచి నిట్ గేటు దాకా అడుగుతాం.