పిల్లల ఆట న్యూసెన్స్ కిందికి వస్తుందా?

ఇద్దరు పిల్లల అమ్మ:
కింద పిల్లలు గోల చేస్తున్నారని ఫిర్యాదులు రాగానే మా అసోసియేషన్ వాళ్లు "బంతి ఆటలు నిషేధం" అని బోర్డు పెట్టేశారు. ఇప్పుడు పిల్లలు మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూస్తున్నారు. ఖాళీ స్థలమంతా ఏటా కొంచెం కొంచెంగా పార్కింగ్‌కి పోయింది. మిగిలింది కిటికీల కింద సందు ఒక్కటే. అక్కడ ఆడితే చప్పుడు పైకి రాకుండా ఎలా ఉంటుంది? ఆటను పిల్లల హక్కుగా 1989లోనే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో రాశారు, 31వ అధికరణంలో. మా బోర్డు రాసినవాళ్లకి అది తెలియాలి.

నైట్ షిఫ్ట్:
మీ బాధ అర్థమైందండీ, నాదీ వినండి. నేను ఇంటికొచ్చేసరికే తెల్లారిపోతుంది. పడుకున్నాక బంతి వచ్చి ఇనుప గేటుకి తగులుతుంది. పిల్లల గొంతులు పెద్ద ఇబ్బంది కాదు, కాసేపటికి అలవాటైపోతాయి. ఆ దెబ్బ అలా కాదు. మళ్లీ ఎప్పుడు పడుతుందా అని కళ్లు మూసుకుని కాచుకునుంటాను. ఫిర్యాదు చేసిన వాళ్లందరికీ పిల్లలంటే పడదని అనుకోకండి.

పార్కు పక్కిల్లు:
నైట్ షిఫ్ట్ గారూ, మీరన్నదే అసలు తేడా. గొంతు వేరు, గేటు చప్పుడు వేరు. 2011లో జర్మనీ చట్టం మార్చింది. ఆటస్థలాల్లో పిల్లలు చేసే శబ్దాన్ని మామూలుగా హానికరమైన శబ్దంగా లెక్కించకూడదు, డెసిబెల్ పరిమితులతో దాన్ని కొలవకూడదు అని రాసుకున్నారు. టోక్యోలో కూడా 2015లో బడికి వెళ్లే వయసు రాని పిల్లల గొంతులను శబ్ద పరిమితుల నుంచి తప్పించారు. అదే జపాన్‌లో నాగానో నగరం మాత్రం 2023లో ఒక పార్కును ఏకంగా మూసేసింది. చప్పుడు మీద ఫిర్యాదులొస్తే పిల్లలు అక్కడ ఆడటం తగ్గించారు. వాడకం తగ్గిందన్నది కూడా మూసివేతకు ఒక కారణమైంది. నాకు భయం వేసేది ఇక్కడే. ముందు ఆడనివ్వరు, తర్వాత ఎవరూ ఆడటం లేదని స్థలం తీసేసుకుంటారు.

నైట్ షిఫ్ట్:
జర్మనీలో చట్టం మారినంత మాత్రాన ఇక్కడ నాకు నిద్ర పట్టదు కదండీ. నేను మూసేయమని అడగలేదు. గేటు సంగతి చూడమన్నాను, అంతే. మా వాళ్లూ బోర్డు పెట్టి చేతులు దులుపుకున్నారు.

ఇద్దరు పిల్లల అమ్మ:
నిజమేనండీ, నేను తొందరపడ్డాను. మా దగ్గర ఫిర్యాదు చేసినవాళ్లని ఏ చప్పుడు, ఏ టైములో అని ఒక్కరం కూడా అడగలేదు. మా పిల్లలు గోల్ పోస్టుగా వాడేది కూడా గేటునే, ఇంకో చోటు లేక. ఈ ఆదివారం మీటింగ్‌లో రెండు అడుగుతాను. గేటు ముందు వల కట్టి, గోల్ అటు చివరికి మార్చాలి. ఆ చివర ఆపే రెండు కార్లు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తీసేయాలి. మొదటిదానికి ఎవరూ అడ్డు చెప్పరు. గొడవంతా కార్ల దగ్గరే వస్తుంది. అందులో ఒకటి మాదే, ముందు దాన్ని తీయిస్తాను.